పేరు సరే, దారేది?

"తాతయ్యా, మన పెట్టెకి ఓ పేరు కొన్నాను" అంది మా మనవరాలు, బెంగుళూరు హాస్టల్ నుంచి ఫోన్ చేసి. కొన్నాక చెప్పింది, కొనేముందు కాదు. వాళ్ళమ్మ పోలిక.

పెట్టె అంటే మా హాల్లో టీవీ కింద అరలో ఉండే పాత ల్యాప్‌టాప్. స్క్రీన్ పోయింది గానీ లోపలి సరుకు గట్టిది. దానికో పెద్ద హార్డ్ డిస్కు తగిలించి, లైనక్స్ ఎక్కించి, ఇంటిల్లిపాది ఫోటోలూ, పెళ్ళి వీడియోలూ, వాళ్ళ అమ్మమ్మ పాడిన మంగళహారతుల క్యాసెట్లను ఫైళ్ళుగా మార్చినవీ అన్నీ అందులో పెట్టాం. ఇంట్లో వైఫై మీదున్న ఏ ఫోన్లోనైనా 192.168.1.20 అని కొడితే తెరుచుకుంటుంది. గుమ్మం దాటితే మాత్రం తెరుచుకోదు.

"ఇప్పుడు పేరుంది కదా, ఇక్కణ్ణుంచే చూసుకోవచ్చు కదా?"

చూసుకోవచ్చు అమ్మడూ, కానీ పేరు కొనడం ఇందులో అన్నిటికంటే తేలిక పని. కార్డు నంబరు కొడితే అయిపోతుంది. ఆ పేరుని పట్టుకుని వచ్చిన మనిషి మా టీవీ కింద అర దాకా చేరడం వేరే సంగతి. ఆ దారి ఎక్కడెక్కడ తిరిగి వస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో చెప్తాను. కొన్న పేరేమిటో మాత్రం ఇక్కడ రాయను. దాని బదులు ఎగ్జాంపుల్.కామ్ అనుకుందాం. ఆ పేరుని ఇలా పుస్తకాల్లో ఉదాహరణలు రాసుకోవడానికే 1999లో పక్కన పెట్టేశారు, డబ్బు ఎంతిచ్చినా ఎవరికీ అమ్మరు.

కంప్యూటర్లకి పేర్లతో పని లేదు, నంబరుంటే చాలు. పేర్లు మనకోసం. ఇంటర్నెట్‌కి తల్లి అనదగ్గ అర్పానెట్ రోజుల్లో, అంటే 1970లలో, మొత్తం కంప్యూటర్లు కొన్ని వందలు. ఏ పేరుకి ఏ నంబరో రాసి ఉంచే ఫైలు ఒకటే ఒకటి. కాలిఫోర్నియాలో మెన్లో పార్క్ అనే ఊళ్ళో, స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో, ఎలిజబెత్ ఫైన్లర్ అనే ఆవిడ, ఆవిడ బృందం కలిసి దాన్ని చూసుకునేవారు. కొత్తగా కంప్యూటర్ పెట్టినవాళ్ళు వీళ్ళకి కబురు చేస్తే ఫైల్లో ఒక వరస చేర్చేవారు. మిగతా ఊళ్ళవాళ్ళు అప్పుడప్పుడూ ఆ ఫైలు మొత్తం దించుకునేవారు. కంప్యూటర్లు పెరిగాయి, ఫైలు పెరిగింది. ఒకే పేరు ఇద్దరు అడగడం, పాత ఫైలు పట్టుకుని కొత్త ఊరు వెతకడం లాంటి తలనొప్పులు మొదలయ్యాయి. 1983లో సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పాల్ మొకపెట్రిస్ అనే ఆయన దీనికో పద్ధతి రాశాడు. అదే డీఎన్‌ఎస్. అందులో ఉన్న తెలివంతా ఒక్క మాటలో ఉంది: మొత్తం జాబితా ఎవరి దగ్గరా ఉండక్కర్లేదు. ఎవరి కొమ్మ వాళ్ళు చూసుకుంటూ, తమకి తెలియనిది ఎవరికి తెలుసో చెప్పగలిగితే చాలు.

తమాషా ఏమిటంటే, ఆ పాత ఫైలు ఆచారం ఇంకా పోలేదు. మీ కంప్యూటర్లో ఇప్పటికీ హోస్ట్స్ అనే చిన్న ఫైలు ఉంటుంది. అందులో మీరేదైనా పేరూ నంబరూ రాస్తే, మామూలుగా కంప్యూటర్ బయట ఎవర్నీ అడక్కుండా దాన్నే నమ్ముతుంది.

అమ్మడు హాస్టల్లో కూర్చుని ఫోటోస్.ఎగ్జాంపుల్.కామ్ అని కొట్టిందనుకోండి. ఆ పేరుని మనం ఎడమ నుంచి చదువుతాం. డీఎన్‌ఎస్ కుడి నుంచి చదువుతుంది. ముందు ఈ పేర్ల చెట్టు వేరు, అంటే రూట్ సర్వర్ దగ్గరికి వెళ్ళి, కామ్ ఎవరు చూస్తారని అడుగుతుంది. ఆ వేరు సర్వర్లకి ఏ నుంచి ఎం దాకా పదమూడు పేర్లున్నాయి. అప్పట్లో ఒక జవాబు 512 బైట్లలో ఇమడాలి కాబట్టి పదమూడుతో సరిపెట్టారు. పేర్లు పదమూడే గానీ, వాటి నకళ్ళు ప్రపంచమంతా వెయ్యికి పైగా ఉన్నాయి. వేరు సర్వర్ "కామ్ వాళ్ళు ఫలానా చోట ఉంటారు" అంటుంది. కామ్ వాళ్ళు "ఎగ్జాంపుల్ లెక్కలు చూసే సర్వర్ ఫలానా" అంటారు. ఆ సర్వర్ "ఫోటోస్ అంటే ఈ నంబరు" అని తేలుస్తుంది. ఇదంతా రెప్పపాటులో అయిపోతుంది. పైగా మధ్యలో అడిగిపెట్టే సర్వర్ ఆ జవాబుని కొంతసేపు దాచుకుంటుంది, రెండోసారి అడిగితే ఇంత తిరుగుడు ఉండదు.

ఈ పేర్ల వ్యవస్థ ఎంత ముఖ్యమో 2021 అక్టోబరు 4 రాత్రి అందరికీ తెలిసొచ్చింది. మనకి రాత్రి తొమ్మిది దాటాక వాట్సాప్ ఆగిపోయింది, ఫేస్‌బుక్ ఆగిపోయింది, ఇన్‌స్టాగ్రామూ అంతే. చాలామంది ఫోన్లు ఆఫ్ చేసి ఆన్ చేశారు, రీఛార్జ్ అయిపోయిందేమోనని చూసుకున్నారు. జరిగిందేమిటంటే, ఆ మూడింటినీ నడిపే కంపెనీ మరమ్మతు పనిలో ఇచ్చిన ఒక ఆదేశం వాళ్ళ లోపలి లైన్లన్నిటినీ తెంచేసింది. దాంతో వాళ్ళ డీఎన్‌ఎస్ సర్వర్లు తమలోనే ఏదో లోపం ఉందనుకుని, తమ దగ్గరికి వచ్చే దారుల ప్రకటనను తామే వెనక్కి తీసుకున్నాయి. పేరు అడిగితే చెప్పే నాథుడు లేడు. సర్వర్లలో కరెంటు ఉంది, డేటా ఉంది, అయినా ఆరు గంటలపాటు ప్రపంచానికి ఆ కంపెనీ లేనట్టే.

మన కథకి వద్దాం. పేరు కొన్నచోట, అంటే రిజిస్ట్రార్ వెబ్‌సైట్‌లో, ఒక పేజీ ఉంటుంది. అక్కడ రికార్డులు రాయాలి. ముఖ్యమైనది "ఏ" రికార్డు, ఇంగ్లీషు అక్షరం ఏ. ఎడమ గడిలో "ఫోటోస్", కుడి గడిలో ఐపీ నంబరు. మూడో గడిలో టీటీఎల్ అని ఒక అంకె ఉంటుంది. మా అమ్మడు దాన్ని పట్టించుకోలేదు గానీ దాని విలువ దానికుంది. ఈ జవాబుని ఎన్ని సెకన్లు గుర్తుపెట్టుకోవచ్చో చెప్పే అంకె అది. 3600 అంటే గంట, 86400 అంటే రోజు. "కొత్త రికార్డు ప్రపంచమంతా పాకడానికి రెండు రోజులు పడుతుంది" అని కస్టమర్ కేర్ వాళ్ళు చిలకపలుకులు పలుకుతారు. ఏదీ ఎక్కడికీ పాకదు. పాత జవాబు దాచుకున్నవాళ్ళ గడువు తీరాలి, అంతే. నంబరు మార్చబోతున్నామని తెలిస్తే ముందు రోజే టీటీఎల్‌ని 300కి దించి పెట్టుకుంటే, మార్చిన ఐదు నిమిషాల్లో దాదాపు అందరూ కొత్త నంబరుకి వచ్చేస్తారు.

ఇంకో చిన్న చిక్కుంది. రికార్డు రాయకముందే "వచ్చిందా, వచ్చిందా" అని ఆ పేరు కొట్టి చూశారనుకోండి, "అలాంటి పేరు లేదు" అన్న జవాబు కూడా సర్వర్ దాచుకుంటుంది. ఆ తరవాత రికార్డు రాసినా, కాసేపు లేదనే చెబుతుంది. కాబట్టి ముందు రాయాలి, తరవాత చూడాలి.

సరే, కుడి గడిలో ఏ నంబరు రాయాలి? అమ్మడు తనకి తెలిసిన నంబరు రాసింది: 192.168.1.20. హాస్టల్లో పేరు కొట్టింది, గుండ్రంగా తిరిగి తిరిగి ఆగిపోయింది.

"పేరు పనిచెయ్యట్లేదు తాతయ్యా!"

పేరు బ్రహ్మాండంగా పనిచేసింది. చెప్పమన్న నంబరే చెప్పింది. ఆ నంబరే ఇంటి గుమ్మం దాటి ఎందుకూ పనికిరాదు.

దీన్ని అర్థం చేసుకోవాలంటే ఒక అపార్ట్‌మెంటు ఊహించుకోవాలి. గేటుకి ఒక డోర్ నంబరు. లోపల 101, 102, 103. ఊళ్ళో ప్రతి అపార్ట్‌మెంటులోనూ ఒక 101 ఉంటుంది. కాబట్టి కాకినాడ రైల్వే స్టేషన్లో దిగి, ఆటోవాడితో "101కి పోనీ" అంటే ఎగాదిగా చూస్తాడు. 192.168తో మొదలయ్యేవన్నీ ఇలాంటి ఫ్లాటు నంబర్లు. ఇవి, 10తో మొదలయ్యేవి, 172.16 నుంచి 172.31 దాకా ఉండేవి ఎవరిళ్ళలో వాళ్ళు వాడుకోండని 1996లో వదిలేశారు. లక్షల ఇళ్ళలో ఈ క్షణాన 192.168.1.20 ఉంది.

గేటు దగ్గర వాచ్‌మన్ ఉంటాడు. మన రౌటర్ పని అదే. 102 వాళ్ళు బిర్యానీ ఆర్డర్ పెడితే పుస్తకంలో రాసుకుంటాడు, డెలివరీ కుర్రాడు రాగానే పైకి పంపిస్తాడు. ఎవరూ పిలవకుండా వచ్చినవాణ్ణి గేటు దగ్గరే ఆపేస్తాడు, ఎవరికోసం వచ్చాడో అతనికి తెలియదు కనక. మనం ఫోన్లో వీడియో చూస్తుంటే అది ఇంట్లోకి రావడానికి కారణం మనం ముందు పిలవడం. మా అమ్మడు హాస్టల్ నుంచి తలుపు తడితే పిలవని చుట్టమే. అందుకని వాచ్‌మన్‌కి ముందే చెప్పి ఉంచాలి: "443 అని అడుగుతూ ఎవరొచ్చినా 20వ ఫ్లాటుకి పంపు." రౌటర్ పేజీలో పోర్ట్ ఫార్వార్డింగ్ అనే చోట రాసేది సరిగ్గా ఈ మాటే. ఈ తలుపు నంబర్లు 65,535 దాకా ఉన్నాయి. 443 అనేది తాళం వేసిన వెబ్ పేజీలకి వాడుక తలుపు.

ఇంతవరకూ చాలామంది చెబుతారు. మన ఇళ్ళలో అసలు కొరుకుడు పడనిది దీని తరవాతి మెట్టు. మన వాచ్‌మన్‌కి చెప్పాం, రికార్డులో గేటు నంబరు రాశాం, అయినా రాదు. ఎందుకంటే మన అపార్ట్‌మెంటు ఒక పెద్ద కాలనీలో ఉంది. ఆ కాలనీకి ఇంకో గేటుంది, అక్కడ ఇంకో వాచ్‌మన్ ఉన్నాడు. అతను నెట్ కంపెనీ మనిషి, మన మాట వినడు. వందల ఇళ్ళకి కలిపి బయటికి కనిపించేది ఆ పెద్ద గేటు నంబరొక్కటే. దీన్ని సీజీనాట్ అంటారు.

నెట్ వాళ్ళని తిట్టి లాభం లేదు. పాత పద్ధతి ఐపీ నంబరులో 32 బిట్లు. లెక్క వేస్తే 429 కోట్ల 49 లక్షల 67 వేల 296. 1980ల్లో అదో సముద్రం అనుకున్నారు. 2011 ఫిబ్రవరి 3న ప్రపంచ ఖజానాలో చివరి కట్టలు పంచేశారు. ఆ ఏడాది ఏప్రిల్ నాటికి మన ఆసియా వంతు కూడా అడుగంటింది. మన దేశంలో ఇంటింటికీ ఫైబర్ వచ్చింది ఆ తరవాతే. పంక్తిలో ఆఖర్న కూర్చున్నాం, విస్తళ్ళు అయిపోయాయి. కంపెనీలు ఇలా లోపల వాడుకోవడానికని 2012లో 100.64 నుంచి 100.127 దాకా ఒక ముక్క కేటాయించారు.

మీ ఇల్లు ఏ గేటు వెనక ఉందో ఇప్పుడే చూసుకోవచ్చు. రౌటర్ పేజీ తెరిచి, స్టేటస్‌లో వాన్ ఐపీ అని ఉన్నచోట నంబరు చూడండి. తరవాత ఏ సెర్చ్‌లోనైనా "నా ఐపీ ఎంత" అని అడగండి. రెండూ ఒకటే అయితే మీ గేటు మీదే. రౌటర్‌లో 100.70 తోనో 10తోనో మొదలై, బయట ఇంకోటి కనిపిస్తే రెండో వాచ్‌మన్ ఉన్నాడన్నమాట. మా ఇంట్లో ఉన్నాడు. కనెక్షన్ ఇచ్చిన కుర్రాణ్ణి అడిగితే, "సార్, మీ వైఫై బానే వస్తోంది కదా" అన్నాడు. అతని లెక్కలో అతను కరెక్టే.

"పేరు గొప్ప, ఊరు దిబ్బ అంటే ఇదేనా?" అంది అమ్మడు. మరీ అంత కాదు, దారులున్నాయి.

ఒకటి, అదనంగా డబ్బు కట్టి స్టాటిక్ ఐపీ తీసుకోవడం. దుకాణం సీసీటీవీలు పెట్టుకున్నవాళ్ళు తరచూ ఇదే చేస్తారు. నికరమైన పద్ధతి, ఖర్చే బాధ. సీజీనాట్ లేకపోయినా, స్టాటిక్ తీసుకోనివాళ్ళకి కరెంటు పోయి వచ్చి రౌటర్ మళ్ళీ లేచినప్పుడల్లా నంబరు మారిపోవచ్చు. అలాంటివాళ్ళు డైనమిక్ డీఎన్‌ఎస్ వాడతారు. పెట్టెలోనే ఉన్న చిన్న ప్రోగ్రాం కొన్ని నిమిషాలకోసారి తన బయటి నంబరు చూసుకుని, మారితే ఏ రికార్డుని తనే దిద్దుతుంది.

రెండోది ఐపీవీ6. కొత్త పద్ధతి నంబరులో 128 బిట్లు. మొత్తం ఎన్నంటే, సుమారుగా 34 రాసి పక్కన 37 సున్నాలు పెట్టాలి. ఇందులో ఫ్లాటు నంబర్ల గొడవే లేదు, ఇంట్లో ప్రతి వస్తువుకీ ప్రపంచంలో ఇంకెవరికీ లేని సొంత నంబరు. ఏ రికార్డు బదులు నాలుగు ఏలు ఉండే రికార్డు రాయాలి, రౌటర్ ఫైర్‌వాల్లో అనుమతి ఇవ్వాలి. మన దేశంలో మొబైల్ నెట్ చాలామటుకు దీనిమీదే నడుస్తోంది, ఆ మాటకొస్తే ఈ విషయంలో మనం చాలా దేశాలకంటే ముందున్నాం. చిక్కేమిటంటే అవతలివైపు కూడా ఐపీవీ6 ఉండాలి. అమ్మడు ఫోన్ డేటా మీద కొడితే ఫోటోలు వచ్చాయి, హాస్టల్ వైఫై మీద కొడితే రాలేదు. "నా ఫోన్లో వస్తోంది, నా ల్యాప్‌టాప్‌లో రావట్లేదు, ల్యాప్‌టాప్ పాడైందా?" అని కంగారుపడింది. పాడవలేదు, హాస్టల్ వైఫై పాతకాలంలో ఉంది.

మూడోది సొరంగం. క్లౌడ్‌ఫ్లేర్ లాంటి కంపెనీలు ఇస్తాయి. మన పెట్టే లోపలి నుంచి బయటికి ఫోన్ చేసి లైన్ పెట్టేయకుండా ఉంచుతుంది. బయటి నుంచి ఎవరైనా వస్తే, ఆ కంపెనీ వాళ్ళు తెరిచి ఉన్న ఆ లైన్ మీదే లోపలికి పంపుతారు. లోపలివాళ్ళు పిలిచారు కాబట్టి ఏ వాచ్‌మనూ అడ్డు చెప్పడు. బానే ఉంది గానీ, మధ్యలో ఉన్న కంపెనీ దగ్గర తాళం ఒకసారి విప్పి మళ్ళీ వేస్తారు. పైగా ఉచిత పద్దులో ఒక్కసారికి 100 ఎంబీకి మించి పైకి ఎక్కించనివ్వరు. ఫోటోలకి ఫరవాలేదు. పెళ్ళి వీడియో ఎక్కించబోతే మధ్యలో ఎర్రర్ వస్తుంది, ఎందుకో ఎక్కడా స్పష్టంగా రాయదు.

దారి తెరిచారు సరే, తాళం సంగతేమిటి? వెబ్ పేజీకి తాళం అంటే సర్టిఫికెట్. ఇది ఒకప్పుడు డబ్బున్నవాళ్ళ వ్యవహారం. 2015 డిసెంబరులో లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే లాభాపేక్ష లేని సంస్థ అందరికీ ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. వాళ్ళు అడిగేది ఒకటే: ఈ పేరు నీదేనని రుజువు చెయ్యి. రుజువు ఎక్కువగా రెండు రకాలుగా చేస్తారు. నీ సర్వర్ మీద ఫలానా ఫైలు పెట్టు, మేమొచ్చి చూస్తాం అంటారు. దానికి 80వ తలుపు బయటికి తెరిచి ఉండాలి. లేదా, నీ డీఎన్‌ఎస్‌లో మేమిచ్చిన అక్షరాలతో ఒక రికార్డు రాయి అంటారు. దీనికి ఇంటి తలుపు తెరవనక్కర్లేదు. ఈ రెండోదాన్ని గుర్తుంచుకోండి, తరవాత పనికొస్తుంది.

సర్టిఫికెట్ తీసుకున్న సాయంత్రం పెట్టె లాగ్ ఫైలు తెరిచి అమ్మడికి చూపించాను. పేరు మా ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియదు. అయినా లాగ్‌లో వరస మీద వరస. ఎవరో వర్డ్‌ప్రెస్ లాగిన్ పేజీ ఉందా అని అడిగారు. లేదు, 404 అని పెట్టె జవాబిచ్చింది. పాస్‌వర్డ్‌లు దాచే డాట్ ఈఎన్‌వీ అనే ఫైలుందా అని ఇంకెవరో. లేదు. అడ్మిన్ అనే ఫోల్డర్ ఉందా? అదీ లేదు. అన్నీ వేరు వేరు దేశాల నంబర్లు.

"మన పేరు వాళ్ళకెవరు చెప్పారు?"

సర్టిఫికెటే చెప్పింది. ఇచ్చిన ప్రతి సర్టిఫికెట్‌నీ ఎవరైనా చూసుకునేలా బహిరంగ చిట్టాలో రాస్తారు. దొంగ సర్టిఫికెట్లు పుడితే పట్టుబడేలా పెట్టిన మంచి కట్టుబాటే అది. ఆ చిట్టాని మంచివాళ్ళే చదవాలని రూలేం లేదు కదా. చెడ్డ ప్రోగ్రాములు దాన్ని నిమిషనిమిషం చదువుతూ, కొత్త పేరు కనబడగానే వచ్చి తలుపులు లాగి చూస్తాయి. "ఫోటోస్" అన్న ముందు మాటైనా బయటపడకుండా ఉండాలంటే, నక్షత్రం గుర్తుతో ఎగ్జాంపుల్.కామ్ కింద ఉన్న అన్నిటికీ కలిపి ఒకే సర్టిఫికెట్ తీసుకోవచ్చు. డీఎన్‌ఎస్ రుజువు చూపిస్తేనే అది ఇస్తారు.

ఇక్కడ నేను కొంచెం గొంతు పెంచాను. ఇంట్లో విండోస్ కంప్యూటర్ నుంచి ఫోల్డర్ తెరిచినట్టు పెట్టెని తెరుస్తాం కదా, ఆ ఫైల్ షేరింగ్ తలుపు నంబరు 445. దాన్ని మాత్రం ఎవరెన్ని చెప్పినా బయటికి తెరవకూడదు. 2017 మే 12న వాన్నాక్రై అనే పురుగు ప్రపంచమంతా పాకింది ఆ తలుపు గుండానే. ఫైళ్ళన్నీ తాళం వేసి డబ్బు అడిగింది. బ్రిటన్‌లో ఆసుపత్రులు ఆగిపోయాయి. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దానికి చిక్కాయి. ఆ లోపాన్ని మూసే అప్‌డేట్‌ని మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది, వేసుకోనివాళ్ళే ఎక్కువ దెబ్బతిన్నారు. అది ఆఫీసుల కథ, మనకేం అనుకోకండి. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అనేది వచ్చింది. అది ప్రత్యేకంగా ఇళ్ళలో, చిన్న ఆఫీసుల్లో పెట్టుకునే క్యూనాప్ ఫైల్ సర్వర్ల మీదే పడింది, బయటికి తెరిచి ఉన్నవాటి మీద. ఒక్కో పెట్టెకి 0.03 బిట్‌కాయిన్ అడిగింది. పిల్లల చిన్నప్పటి ఫోటోలు ఆ ఒక్క పెట్టెలోనే పెట్టుకున్నవాళ్ళు డబ్బు కట్టకుండా ఏం చేస్తారు? మా పెట్టెలో ఉన్నదంతా ఇంకో డిస్కు మీద బీరువాలో ఉంటుంది. నెలకోసారి బయటికి తీసి, నకలు ఎక్కించి, వైరు పీకేసి లోపల పెట్టేస్తాను. వైరు లేనిదాన్ని ఏ పురుగూ తినలేదు.

అందుకని చివరికి నేను చేసిందేమిటంటే, బయటికి తెరిచిన తలుపు మూసేశాను. ఇది నా అభిప్రాయం, కాదనేవాళ్ళు ఉంటారు: చూసేవాళ్ళు నలుగురే అయితే, నలభై దేశాలవాళ్ళు లాగి చూసే తలుపు ఎందుకు? లోకానికంతా చూపించాల్సిన బ్లాగో దుకాణమో అయితే అది వేరే లెక్క. ఇంటి ఫోటోలకి వీపీఎన్, అంటే మనవాళ్ళకి మాత్రమే తెరుచుకునే సొంత దారి, చాలు. వైర్‌గార్డ్ అని ఒకటుంది, 2020 మార్చిలో లైనక్స్ గుండెకాయలోనే చేర్చారు. తాళంచెవి లేనివాడు తడితే అది అసలు జవాబే ఇవ్వదు, అక్కడ తలుపుందన్న సంగతే తెలియనివ్వదు. రెండు వాచ్‌మన్‌లు ఉన్న మాలాంటి ఇళ్ళకి, దానిమీదే కట్టిన టెయిల్‌స్కేల్ లాంటివి పనికొస్తాయి. అమ్మడి ఫోనూ మా పెట్టే రెండూ బయటికే ఫోన్ చేసి మధ్యలో కలుసుకుంటాయి. కలిశాక ఒకదానికొకటి 100తో మొదలయ్యే లోపలి నంబర్లతో పలకరించుకుంటాయి.

"మరి నా పేరో? ఎనిమిది వందలు పోశాను!"

పేరు ఎక్కడికీ పోదు. ఏ రికార్డులో ఆ లోపలి నంబరే రాశాం. ఇది చాలామందికి తట్టదు, పేరు బహిరంగమైనంత మాత్రాన అది చూపే నంబరు బహిరంగం కానక్కర్లేదు. అడిగినవాళ్ళందరికీ డీఎన్‌ఎస్ ఆ నంబరు చెబుతుంది, కానీ చేరగలిగేది మన వీపీఎన్‌లో ఉన్నవాళ్ళే. తాళం కూడా దొరుకుతుంది, ఎందుకంటే డీఎన్‌ఎస్ రికార్డు చూపించి సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు. బ్రౌజర్ ఎర్ర హెచ్చరికలు మానేసింది, అమ్మమ్మ ట్యాబ్‌లో కూడా అదే పేరు కొడితే అదే పేజీ వస్తోంది. పోర్ట్ ఫార్వార్డింగ్ మీద నడిపేవాళ్ళకి కొన్నిసార్లు ఇంట్లోనే తెరుచుకోదు. లోపలున్నవాళ్ళు గేటు బయటికి వెళ్ళి మళ్ళీ తమ గేటులోంచే రావాలంటే కొన్ని రౌటర్లకి అర్థం కాదు, బిత్తరపోతాయి.

ఒక్క ఆటంకం మిగిలింది. అమ్మడు తన స్నేహితురాలి ఇంటికి వెళ్ళినప్పుడు వీపీఎన్ ఆన్‌లోనే ఉన్నా పేరు దొరకలేదట. అక్కడి రౌటర్, బయటి డీఎన్‌ఎస్ లోపలి రకం నంబర్లు చెబితే మోసమని అనుమానించి ఆ జవాబుని పారేస్తుంది. దానికి కారణం ఉంది, అలాంటి జవాబులతో ఇంటి వస్తువుల మీదికి దొంగదారిన వచ్చే ఎత్తు ఒకటుంది. ఫోన్ సెట్టింగుల్లో ప్రైవేట్ డీఎన్‌ఎస్ పెట్టించాను. ఇప్పుడు ఆ రౌటర్‌ని అడిగే పనే లేదు.

పోతే, గడువు. పేరు కొన్నామంటాం గానీ నిజానికి అద్దెకి తీసుకుంటాం. చాలాచోట్ల మొదటి ఏడాది చవగ్గా ఇచ్చి రెండో ఏడాది నుంచి అసలు ధర వేస్తారు. కార్డు ఇచ్చాం కదా, వాళ్ళే కోసుకుంటారని ధీమాగా ఉండకండి. 2021 అక్టోబరు నుంచి రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం, ఇలా తమంతట తాము కోసుకునే చెల్లింపులకి ముందే బ్యాంకులో మన అనుమతి నమోదై ఉండాలి. విదేశీ రిజిస్ట్రార్లు కొందరికి ఆ ఏర్పాటు లేదు. వాళ్ళు ప్రయత్నిస్తారు, బ్యాంకు కాదంటుంది, మనకొచ్చిన ఈమెయిల్ ప్రకటనల్లో కలిసిపోతుంది. కామ్ పేరు గడువు దాటాక రిజిస్ట్రార్ కొన్నాళ్ళు ఆగుతాడు, ఆ తరవాత 30 రోజులు జరిమానా కట్టి విడిపించుకోవచ్చు, ఆ మీదట 5 రోజులు ఎవరూ ముట్టుకోలేరు. అది కూడా దాటితే కాచుకు కూర్చున్న ప్రోగ్రాములు ఎగరేసుకుపోతాయి. అమ్మడి చేత మూడేళ్ళకి కట్టించాను. గడువు తేదీ ఎల్‌ఐసీ ప్రీమియం తేదీలు రాసుకునే నా డైరీలో ఎక్కింది.